కంపెనీ ఆపేసిన పింగాణీ సెట్‌కి విడి పీసులు సంపాదించడం ఎలా

సెట్‌లో ఒక కప్పో రెండు ప్లేట్లో పగిలాయి, కంపెనీ వెబ్‌సైట్లో చూస్తే ఆ డిజైన్ ఊసే లేదు, ఇప్పుడేం చేయాలి అని తల పట్టుకున్నారా? కంపెనీ ఆపేసినంత మాత్రాన ఆ డిజైన్ లోకంలోంచి మాయమైపోదండీ. అమ్ముడుపోయిన సెట్లలో చాలా భాగం ఎవరి అల్మరాలోనో వాడకుండా పడుంటాయి, ఇల్లు ఖాళీ చేసినప్పుడో పెద్దవాళ్ళు పోయినప్పుడో అవన్నీ సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వస్తాయి. కాబట్టి ఏదో ఒకటి దొరకడం అంత కష్టం కాదు, కష్టమల్లా సరిగ్గా మీ సెట్‌కి కలిసేది దొరకడం. ఎందుకంటే దాదాపు అలాగే ఉండే డిజైన్లు కోకొల్లలు, ఫోటోలో అచ్చం మనదే అనిపించింది తీరా ఇంటికొచ్చాక పక్కన పెడితే అర అంగుళం చిన్నదో, తెలుపు తేడానో అయి కూర్చుంటుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు వెతకడం కాదు, మన దగ్గరున్నది ఏంటో మనం తేల్చుకోవడం. అది తేలాకే డబ్బు బయటికి తీయండి.

1. ముందు ప్లేటు తిరగేయండి

వెనక ఉండే ముద్రే మీ సెట్ జాతకం. అన్నిటికంటే పెద్ద ప్లేటు తీసుకోండి, ఎందుకంటే కప్పుల కింద జాగా చాలక సగం ముద్రే వేస్తారు, ఒక్కోసారి అసలు వేయరు. మంచి వెలుతురులో ముద్రని ఫోటో తీయండి, తర్వాత లైటుని పక్కనుంచి ఏటవాలుగా వేసి ఇంకో ఫోటో తీయండి, ఎందుకంటే రంగుతో కొట్టిన ముద్ర కాకుండా మట్టిలోకి నొక్కిన ముద్రలు కూడా ఉంటాయి, అవి నిటారు వెలుతురులో కనపడవు.

ఇప్పుడు ఆ ముద్రలో ఏమేం ఉన్నాయో విడదీయాలి. కంపెనీ పేరు ఒకటి, డిజైన్ పేరు ఒకటి, ఆకారం పేరు ఒకటి, నంబర్లు కొన్ని. వీటిని కలగాపులగం చేసుకుంటేనే వెతుకులాట దారి తప్పుతుంది. చాలామంది ముద్రలో పెద్ద అక్షరాల్లో ఉన్న పేరుని డిజైన్ పేరు అనుకుంటారు, అది ఆకారం పేరో లేక ఆ కంపెనీ ఒక రకం పింగాణీకి పెట్టుకున్న పేరో అయ్యుండొచ్చు, దాంతో వెతికితే వంద రకాల పువ్వులు వచ్చి పడతాయి. నంబర్లలో కూడా అంతే, రంగుతో రాసిన నాలుగైదు అంకెల నంబరు అయితే చాలావరకు డిజైన్ నంబరే, చేత్తో గీకినట్టు ఒక్క అంకో ఒక్క అక్షరమో ఉంటే అది రంగులేసిన పనివాడి గుర్తు, దాన్ని పట్టించుకోకండి. లోపలికి నొక్కిన అంకెలు ఎక్కువగా అచ్చువో తేదీవో అయి ఉంటాయి, అవి తెల్ల ప్లేటు ఎప్పుడు తయారైందో చెప్తాయి గానీ దాని మీద బొమ్మ ఎప్పుడు వేశారో చెప్పవు.

కాలం పట్టుకోవడానికి కొన్ని గుర్తులు చెప్తాను, ఇవి తెలిస్తే అమ్మేవాళ్ళ కబుర్లు మీ దగ్గర చెల్లవు. అమెరికా 1890లో తెచ్చిన టారిఫ్ చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలి అన్నారు, అందుకే ఇంగ్లాండ్ అని ఉన్నవి చాలావరకు ఆ తర్వాతవి, మేడ్ ఇన్ ఇంగ్లాండ్ అని పూర్తిగా ఉంటే ఎక్కువశాతం ఇరవయ్యో శతాబ్దానివే. జపాన్ సరుకు మీద మొదట్లో నిప్పన్ అని వేసేవాళ్ళు, 1921 తర్వాత జపాన్ అని వేయాల్సొచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1952 దాకా ఎగుమతి చేసిన వాటిలో కొన్నిటి మీద ఆక్యుపైడ్ జపాన్ అని కనపడుతుంది. బ్రిటిష్ వాటి మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటే అది 1842 నుంచి 1883 మధ్యలో రిజిస్టర్ చేయించిన డిజైన్, 1884 నుంచి దాని బదులు ఆర్‌డీ నంబర్ అని వరస అంకెలు వచ్చాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆ నంబరు డిజైన్ రిజిస్టర్ అయిన తేదీకి సంబంధించింది, మీ ప్లేటు అదే ఏడు తయారైందని కాదు, బాగా అమ్ముడుపోయే డిజైన్‌ని అదే నంబరుతో ఏళ్ళ తరబడి చేస్తారు. వెడ్జ్‌వుడ్ వాళ్ళు 1860 నుంచి తయారీ తేదీ చెప్పే మూడక్షరాల కోడ్ నొక్కేవాళ్ళు, రాయల్ కోపెన్‌హాగన్ వాళ్ళయితే 1935 నుంచి తమ పేరులోని అక్షరాల మీదో కిందో ఒక చిన్న గీత పెట్టి ఏడాది చెప్తారు, చూడ్డానికి ప్రింటింగ్ తప్పులా ఉంటుంది గానీ కావాలని పెట్టిందే.

కాలంతో మనకేం పని, మనం మ్యూజియం పెట్టట్లేదు కదా అంటారా? పని ఉంది. ఒకే డిజైన్ ముప్ఫై నలభై ఏళ్ళు నడిస్తే మధ్యలో ఫ్యాక్టరీ మారుతుంది, గ్లేజ్ అంటే పైన మెరిసే గాజు పూత మారుతుంది, బంగారు అంచు మందం మారుతుంది. రాయల్ ఆల్బర్ట్ వాళ్ళ ఓల్డ్ కంట్రీ రోజెస్ 1962లో మొదలైంది, మొదట ఇంగ్లాండ్‌లో చేసేవాళ్ళు, 2000 దాటాక తయారీ బయటి దేశాలకి పోయింది, పేరు అదే, గులాబీలు అవే, కానీ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే పట్టి చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. మీ ముద్ర ఏ రకమో అదే రకం ముద్ర ఉన్న పీసు కొనుక్కుంటే ఈ గొడవ సగం తప్పుతుంది.

2. పేరు లేకపోతే ఏం చేయాలి

కంపెనీ పేరు ఉండి డిజైన్ పేరు లేకపోవడం మామూలే, భయపడకండి. జపాన్ కంపెనీ నోరిటాకే పాత సెట్లలో బోలెడన్నింటికి పేరే లేదు. ఫ్రాన్స్ లిమోజ్‌లో చేసిన హావిలాండ్ సెట్లయితే మరీను, ముద్ర ఉంటుంది, డిజైన్ పేరు మాత్రం చాలావాటికి ఉండదు, అందుకని ష్లైగర్ అనే అమెరికన్ కుటుంబం వాళ్ళు ఆ డిజైన్లన్నీ బొమ్మలు గీసి పోగేసి నంబర్లు ఇచ్చారు, ఇవాళ్టికీ హావిలాండ్ అమ్మేవాళ్ళు ష్లైగర్ నంబరుతోనే మాట్లాడుకుంటారు.

పేరు పట్టుకోవడానికి మొదట ఫోన్లో ఫోటోతో వెతికిపెట్టే గూగుల్ లెన్స్ పెట్టి చూడండి. ప్లేటు మొత్తం ఒకసారి, అంచు దగ్గర పువ్వు ఒక్కటే దగ్గరగా ఒకసారి, రెండూ వేరువేరుగా వెతకండి, ఫలితాలు వేరేగా వస్తాయి. బంగారు అంచు మెరుపు ఫోటోలో కొడితే లెన్స్ తికమకపడుతుంది కాబట్టి ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన నీడలో తీయండి. లెన్స్ చెప్పిందే వేదం అనుకోకండి, అది పోలిక చెప్తుంది అంతే, అది చూపించిన వాటిలో కంపెనీ పేరు మీ ముద్రతో కలిసిన వాటినే పట్టించుకోండి.

తర్వాతి మెట్టు, ఈ పని మీదే బతికే షాపులు. అమెరికాలో నార్త్ కరోలినాలో రీప్లేస్‌మెంట్స్ లిమిటెడ్ అని ఉంది, 1981లో బాబ్ పేజ్ అనే ఆయన పెట్టారు, ఆగిపోయిన డిజైన్లే వాళ్ళ వ్యాపారం, లక్షల కొద్దీ ప్యాటర్న్‌ల లిస్టు ఫోటోలతో సహా వాళ్ళ సైట్లో ఉంటుంది. వాళ్ళ దగ్గర కొనకపోయినా సరే ఆ లిస్టు ఒక డిక్షనరీలా వాడుకోవచ్చు, కంపెనీ పేరు నొక్కి, అంచు రంగు, పువ్వు రంగు చూస్కుంటూ పేజీలు తిప్పుకుంటూ పోవడమే, ఓపిక కావాలి. ఫోటో పంపితే ఏ ప్యాటర్నో చెప్పే ఏర్పాటు కూడా ఉంది. ఇంకో కిటుకు ఏంటంటే పేరు లేని డిజైన్లకి వాళ్ళు సొంతంగా ఒక కోడ్ పెడతారు, ఆ కోడ్‌ని మిగతా అమ్మేవాళ్ళు కూడా తమ పోస్టుల్లో వాడేస్తారు, కాబట్టి ఆ కోడ్ తెలిస్తే ఈబే లాంటి ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో కూడా దాంతోనే వెతకొచ్చు. బ్రిటిష్ కంపెనీల సెట్లయితే అక్కడి చైనాసెర్చ్ వాళ్ళ లిస్టు కూడా చూడండి.

ముద్రే లేకపోతే? అప్పుడు కాస్త కష్టం. ఆకారం, కప్పు చెవి మలుపు, అంచు అలలు, ఇవే ఆధారాలు. ఫేస్‌బుక్‌లో పింగాణీ పిచ్చివాళ్ళ గ్రూపులు ఉంటాయి, వాళ్ళకి ఫోటో పెడితే అరగంటలో ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఆ జనాల జ్ఞాపకశక్తి చూస్తే నాకైతే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ ఒకరు చెప్తే సరిపోదు, ఇద్దరు ముగ్గురు అదే మాట అనాలి.

ఇంకొక జాగ్రత్త, కొన్ని డిజైన్లు ఒక్క కంపెనీ సొత్తు కాదు. నీలం రంగు విల్లో డిజైన్ ఉంది చూడండి, వంతెన, చెట్టు, రెండు పిట్టలు, అది పద్దెనిమిదో శతాబ్దం చివర్నుంచి వందల కంపెనీలు చేశాయి. బ్లూ విల్లో అని పేరు ఒక్కటి పట్టుకుని కొంటే నీలం రంగు దేనికది వేరుగా ఉండి టేబుల్ మీద అతుకుల బొంతలా ఉంటుంది. అలాంటి వాటికి కంపెనీ పేరు, ముద్ర రకం, రెండూ కలవాల్సిందే.

3. స్కేలు తీయండి

ఇది బోరు పనే కానీ తప్పదు. ప్లేటు వ్యాసం ఈ అంచు నుంచి ఆ అంచుకి సరిగ్గా మధ్యలోంచి కొలవండి, మిల్లీమీటర్లలో రాసుకోండి, అంగుళాల్లో కూడా రాసుకుంటే అమెరికా వాళ్ళతో మాట్లాడటం తేలిక. డిన్నర్ ప్లేటు మామూలుగా పదీ పదిన్నర అంగుళాలుంటుంది, సలాడ్ ప్లేటు ఎనిమిది దగ్గర, బ్రెడ్ ప్లేటు ఆరు దగ్గర, మధ్యలో తొమ్మిది అంగుళాల లంచ్ ప్లేటు ఒకటి, అదే అందరినీ ముంచేది, ఎందుకంటే ఫోటోలో డిన్నర్ ప్లేటుకీ దానికీ తేడా తెలియదు. అమ్మేవాళ్ళు పెద్ద ప్లేటు అని రాసేస్తారు, అంతే. కొలత రాయని పోస్టు కనిపిస్తే అడగకుండా కొనకండి.

కప్పులు ఇంకా తంటా. టీ కప్పు, కాఫీ కప్పు, చిట్టి కప్పు, మూడూ ఒకే డిజైన్‌లో ఉంటాయి, పైగా టీ కప్పులోనే కింద పీట ఉన్నదీ లేనిదీ రెండు ఆకారాలు ఉండొచ్చు. పై అంచు వెడల్పు, ఎత్తు, అడుగు వెడల్పు మూడూ కొలవండి. సాసరు విడిగా కొంటున్నట్టయితే దాని మధ్యలో కప్పు కూర్చునే గుంట ఉంటుంది కదా, దాని వెడల్పు ముఖ్యం, మీ కప్పు అడుగు దాంట్లో బిగుతుగా కాకుండా అటూ ఇటూ జారకుండా కూర్చోవాలి. సాసరు బయటి కొలత ఒక్కటే చూసి కొనేసి కప్పు పెడితే ఊగిసలాడుతుంది.

అంచు ఆకారం కూడా రాసుకోండి, చుట్టూ పట్టీలా వెడల్పు అంచు ఉందా లేక అంచే లేకుండా గిన్నెలా వంగిందా, గుండ్రమా అలలా, ఒకే బొమ్మని కంపెనీలు రెండు మూడు ఆకారాల మీద వేసి అమ్మిన సందర్భాలు చాలా ఉన్నాయి.

4. తెలుపుల్లో తెలుపు వేరయా

మీ పీసుని లైటుకి అడ్డంగా పెట్టి వెనక వేళ్ళు కదిపి చూడండి. వేళ్ళ నీడ కనపడితే అది పోర్సిలీనో బోన్ చైనానో, అస్సలు కనపడకపోతే చాలావరకు మట్టి సామాను లేదా స్టోన్‌వేర్. బోన్ చైనాలో ఎముకల బూడిద కలుపుతారు, సగానికి దగ్గరగా ఉంటుంది, అందుకే దాని తెలుపులో పాల మీగడ ఛాయ కనపడుతుంది, గట్టి పోర్సిలీన్ తెలుపు కాస్త నీలం వైపు, బూడిద వైపు పోతుంది. కాబట్టి మీది ఏదో తెలుసుకుని అదే రకం కొనాలి. ఒకే కంపెనీ ఒకే పేరుతో రెండు రకాల్లో చేసిన డిజైన్లు కూడా ఉన్నాయి మరి.

కంపెనీ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టిన డిజైన్లతో ఇంకో ఇబ్బంది. ఫియెస్టా అనే అమెరికన్ ప్లేట్ల సంగతి చూడండి, హోమర్ లాఫ్లిన్ కంపెనీ 1936లో తెచ్చింది, 1973లో ఆపేసింది, 1986లో మళ్ళీ తెచ్చింది. రెండోసారి వేరే మట్టి వాడారు, అది బట్టీలో ఎక్కువ కుంచించుకుపోతుంది కాబట్టి పాత అచ్చులతో చేసినవి కూడా పాతవాటికంటే కొంచెం చిన్నగా వచ్చాయి, రంగులు కూడా వేరే. పేరు చూసి మురిసిపోయి కొంటే పాత సెట్లో కలవదు.

5. అసలు ఎన్ని కావాలి

ఒక కాగితం తీసుకుని ఎన్ని ఉన్నాయి, ఎన్ని పగిలాయి, నిజంగా ఎన్ని వాడతారు అని రాయండి. సెట్ పూర్తి చేయాలన్న పట్టుదలతో సాస్ పోసే బోటు, మూత గిన్నె లాంటివి కొనబోతే జేబు ఖాళీ అవుతుంది, ఎందుకంటే అవి సెట్‌కి ఒక్కటే వచ్చేవి కాబట్టి అరుదు, అరుదు కాబట్టి ఖరీదు. నా లెక్కలో కప్పులకీ డిన్నర్ ప్లేట్లకీ మాత్రమే డబ్బు పెట్టండి, పగిలేవి అవే. దొరికినప్పుడు ఒకటి రెండు ఎక్కువే తీసుకోండి.

6. ఇప్పుడు వెతకండి

ఇంతసేపటికి మీ చేతిలో కంపెనీ, డిజైన్ పేరు లేదా నంబరు లేదా కోడ్, ముద్ర ఫోటో, కొలతలు ఉన్నాయి. ఇక వేట మొదలు.

ముందు కంపెనీకే ఒక మెయిల్ కొట్టండి, అడిగితే పోయేదేముంది, ఈమధ్యే ఆపేసిన డిజైన్ అయితే గోడౌన్లో మిగిలి ఉండొచ్చు. కాకపోతే కంపెనీలు చేతులు మారిపోతుంటాయి, అది చూసుకోండి. స్పోడ్ 2008లో దివాలా అంచుకి వెళ్తే 2009లో పోర్ట్‌మీరియన్ కొనుక్కుంది, వెడ్జ్‌వుడ్ 2009లో కుదేలై 2015లో ఫిస్కార్స్ చేతికి వచ్చింది. పాత పేరుతో మెయిల్ పెడితే గోడకి చెప్పుకున్నట్టే, ఇప్పటి యజమాని ఎవరో వెతికి వాళ్ళకే రాయండి.

తర్వాత ఇందాక చెప్పిన స్పెషలిస్ట్ షాపులు. వీళ్ళ దగ్గర ధర ఎక్కువ, అందులో అనుమానం లేదు, కానీ కొలత తప్పు ఉండదు, కండిషన్ గ్రేడ్ రాస్తారు, వాపసు తీసుకుంటారు. మీకు కావాల్సింది స్టాకులో లేకపోతే పేరు నమోదు చేసుకోమంటారు, చేసుకోండి, వచ్చినప్పుడు మెయిల్ వస్తుంది. ఒక్క కప్పే కావాలంటే నేనైతే ఇక్కడే కొనమంటాను, ఈబేలో నాలుగు తక్కువకి పోయి షిప్పింగ్‌కి ఎనిమిది పెట్టే కంటే నయం.

ఆరేడు పీసులు కావాలంటే మాత్రం ఈబే, ఎట్సీ, వేలంపాటలు. ఇక్కడ విడి ప్లేట్లు కాకుండా సగం సెట్లు చూడండి. ఒక్కో ప్లేటు విడిగా అమ్మేవాడి ధరలు కలిపితే వచ్చే మొత్తం కంటే, ఇల్లు ఖాళీ చేస్తూ పద్దెనిమిది పీసులు ఒకేసారి వదిలించుకునేవాళ్ళ ధర చాలా తక్కువ ఉంటుంది, మీకు అక్కర్లేనివి తిరిగి అమ్ముకోవచ్చు కూడా.

వెతికే మాటల్లోనే ఉంది అసలు ఒడుపంతా. డిజైన్ పేరుతో ఒకసారి, నంబరుతో ఒకసారి, పేరు తెలియని అమ్మకందారు ఎలా రాస్తాడో అలా ఒకసారి, అంటే నీలం పువ్వులు బంగారు అంచు ప్లేటు అన్నట్టు వర్ణనతో, దానికి కంపెనీ పేరు జోడించి. స్పెల్లింగ్ తప్పులతో కూడా వెతకండి, హావిలాండ్‌కి రెండు ఎల్‌లు పెట్టేవాళ్ళు, నోరిటాకే చివర ఐ పెట్టేవాళ్ళు లెక్కలేనంత మంది, ఆ పోస్టులు మిగతావాళ్ళకి కనపడవు కాబట్టి పోటీ ఉండదు, చవగ్గా దొరుకుతాయి. జర్మన్ కంపెనీ సెట్ అయితే జర్మన్‌లో టెల్లర్ అని, ఫ్రెంచ్‌ది అయితే అసియెట్ అని, ఆ భాషల స్పెల్లింగ్‌తో ఆ దేశాల సైట్లలో కొట్టి చూడండి, పుట్టిన ఊళ్ళో సరుకు ఎక్కువ ఉంటుంది. జపాన్ వాటికి యాహూ జపాన్ వేలంపాటలు గని లాంటివి, అక్కడి అమ్మకందార్లు చాలామంది నేరుగా బయటి దేశాలకి పంపరు కాబట్టి బైయీ లాంటి మధ్యవర్తి సర్వీసు ద్వారా కొనాలి, వాళ్ళ ఫీజు, రెండుసార్ల షిప్పింగ్, కస్టమ్స్ అన్నీ ముందే కలిపి చూసుకోండి, లేకపోతే ప్లేటు ఖరీదు కంటే దారి ఖర్చు ఎక్కువైపోతుంది.

ఒక్కరోజులో దొరకలేదని నీరుగారిపోకండి. ప్రతి సైట్లోనూ మీ వెతుకులాటని సేవ్ చేసి అలర్ట్ పెట్టుకోండి, పోస్టు పడగానే ఫోన్ మోగుతుంది, రోజూ కళ్ళు కాయలు కాచేలా చూడక్కర్లేదు. కొన్ని డిజైన్లకి నెలలు పడుతుంది. ఇంకోటి, మీ ముద్ర ఫోటో, కొలతల కాగితం ఫోటో ఫోన్లోనే ఒక ఆల్బమ్‌లో పెట్టుకోండి, పాత సామాన్ల షాపులో అనుకోకుండా కనిపించినప్పుడు ఇదేనా కాదా అని కొట్టుమిట్టాడక్కర్లేదు.

7. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

పోస్టులో మంచి కండిషన్ అన్న మాటకి అర్థం ఏమీ లేదు. మీరు పేరుపేరునా అడగాలి, అంచు మీద పెచ్చు ఊడిందా, బీట ఉందా, గ్లేజ్ మీద నెర్రెలు ఉన్నాయా, బంగారం అరిగిందా, కత్తి గీతలు ఉన్నాయా, ఎప్పుడైనా అతికించారా. ఇవన్నీ ఒక్క మెసేజ్‌లో మర్యాదగా అడిగి, ముద్ర ఫోటో, అంచు దగ్గర ఫోటో, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో పంపమనండి. మంచివాళ్ళయితే పంపుతారు, విసుక్కున్నారంటే అక్కడితో వదిలేయండి. ఇందులో నెర్రెలు అన్నిటికంటే మోసం, గ్లేజ్ మీద వెంట్రుక సన్నపు గీతల వల, ఫోటోలో కనపడదు, కానీ వాటిలోకి నూనె, తడి దిగి మరక పడుతుంది, అలాంటిది షోకేసులో పెట్టుకోవడానికి పర్లేదు గానీ తినడానికి నేను కొనను. కత్తి గీతల్లో సగం మాత్రం నిజమైన గీతలు కాదు, చెంచాల లోహం గ్లేజ్‌కి అంటుకున్న బూడిద రంగు చారలు, అవి తుడిస్తే పోతాయి, ఆ సంగతి తెలియని అమ్మకందారు ధర తగ్గించి పెడితే మీ పంట పండినట్టే.

చేతికి అందే చోట కొంటున్నట్టయితే వేలి కొనల మీద నిలబెట్టి గోటితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే బాగున్నట్టు, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉంది. అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూడండి, కంటికి కనపడని పెచ్చు వేలికి తెలుస్తుంది. చిన్న యూవీ టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి, అతికించి రంగేసిన చోటు మిగతా గ్లేజ్ కంటే వేరేగా మెరుస్తుంది.

ప్యాకింగ్ గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి, పగిలాక మాట్లాడి లాభం లేదు. ఒక్కో ప్లేటు విడిగా చుట్టాలి, పెట్టెలో పడుకోబెట్టకుండా నిలువుగా అంచు మీద పెట్టాలి, కప్పులు ఒకదాంట్లో ఒకటి దూర్చకూడదు, కప్పు లోపల కూడా కాగితం కుక్కాలి, ఆ పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టి చుట్టూ ఒక రెండంగుళాల మెత్తన వేయాలి. పెట్టె ఊపితే లోపల ఏదీ కదలకూడదు. దీనికి కొంచెం ఎక్కువ ఇస్తానని మీరే అనండి.

8. ఎంత వెతికినా దొరక్కపోతే

అప్పుడు సరిగ్గా అదే కావాలన్న పట్టు కాస్త సడలించండి. అదే కంపెనీ అదే ఆకారంలో బొమ్మ లేకుండా ఉత్త బంగారు అంచుతోనో ఉత్త తెల్లగానో అమ్మిన ప్లేట్లు చాలాసార్లు ఉంటాయి, తెలుపు కలుస్తుంది, ఆకారం కలుస్తుంది, ఒకటి విడిచి ఒకటి పరిస్తే కావాలని పెట్టినట్టే ఉంటుంది, దగ్గర పోలికున్న వేరే పువ్వు కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే దగ్గర పోలికే తప్పులా కనపడుతుంది, పూర్తి తేడా ఎంపికలా కనపడుతుంది. చేత్తో చేసే కుమ్మరి కళాకారులు కొందరు ఆర్డరు మీద ఒకటి రెండు చేసిపెడతారు, అది ఖర్చు, పైగా యంత్రం మీద అచ్చయిన బొమ్మ చేత్తో అచ్చంగా రాదు.

పగిలిన దాన్నే అతికించుకుందామంటే కూడా తప్పులేదు, కానీ మామూలు ఎపాక్సీ జిగురుతో అతికిస్తే దాంట్లో తినొద్దు, చూసుకోవడానికే. కింట్సుగి అంటే అతుకుల్ని బంగారు గీతల్లా చూపించే జపాన్ పద్ధతి, ఆ పేరుతో అమ్మే కిట్లలో చాలావాటిలో ఉండేది ఎపాక్సీనే, నిజం కింట్సుగికి ఉరుషి అనే చెట్టు లక్క వాడతారు, ఆరడానికే వారాలు పడుతుంది.

9. పార్సిల్ వచ్చాక

విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, పగిలి ఉంటే క్లెయిమ్‌కి అదే సాక్ష్యం, పెట్టె, చుట్టిన కాగితాలు కూడా అప్పుడే పారేయకండి. కొలవండి, తట్టి చూడండి, మీ పాత పీసు పక్కన పగటి వెలుతురులో పెట్టి చూడండి, ట్యూబ్ లైటు కింద అన్ని తెలుపులూ ఒకేలా ఉంటాయి. తేడా ఉంటే వాపసు గడువు లోపలే మెసేజ్ పెట్టండి.

అన్నీ సరిగ్గా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి స్పాంజితో కడగండి. లోహం చారలకి వంటసోడా తడిపి వేలితో రుద్దితే చాలావరకు పోతాయి, బొమ్మ మీదా బంగారం మీదా మాత్రం రుద్దొద్దు. మరకలు పోవాలని బ్లీచులో నానబెట్టే పని పెట్టుకోకండి, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు మరక పోయేలోపు గ్లేజ్ పాడై బంగారం లేచిపోతుంది.

చివరిగా ఆరోగ్యం మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత పింగాణీ రంగుల్లో, గ్లేజుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది. ఇందాక చెప్పిన ఫియెస్టాలో మొదటి ఎరుపు రంగుకి ఏకంగా యురేనియం ఆక్సైడ్ వాడేవాళ్ళు. కోరెల్ ప్లేట్ల సంగతీ అంతే, అది పింగాణీ కాదనుకోండి, మూడు పొరల గాజు, 1970లో వచ్చింది, కంపెనీయే 2005కి ముందువాటిని అలంకారానికి వాడుకోవడం మంచిదని చెప్పింది. బొమ్మ మీద వేలు పోనిస్తే ఉబ్బెత్తుగా తగిలితే ఆ రంగు గ్లేజ్ పైన ఉన్నట్టు, అలాంటివి, నెర్రెలున్నవి, రంగు పొడిలా రాలేవి పులుపు పదార్థాలకీ వేడి వేడి వాటికీ వాడకపోవడమే మంచిది, చిన్నపిల్లలకి అసలు పెట్టొద్దు. అనుమానం తీరాలంటే ల్యాబులో పరీక్ష చేయించాలి, ఇంట్లో పుల్లతో రుద్ది చూసే కిట్లు అంత నమ్మకమైనవి కావు. బంగారు, వెండి అంచులున్నవి మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, డిష్‌వాషర్‌లో వేస్తే అంచు రంగు వెలిసిపోతుంది, ఇంత కష్టపడి తెచ్చుకున్నాక చేత్తోనే కడుక్కోండి, ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ఒక మెత్తటి గుడ్డ వేసి సర్దుకోండి.